డాడ్జ్ వెపన్స్ క్యారియర్‌ను అసలు రూపానికి తేవాలి: పని ఎక్కడ మొదలుపెట్టాలి?

పాతమిల్లు_హుజూరాబాద్:

అందరికీ నమస్తే. హుజూరాబాద్ దగ్గర ఒక రైస్ మిల్లు షెడ్డులో ఏండ్ల తరబడి నిలబడ్డ మిలిటరీ డాడ్జ్ మా చేతికొచ్చింది. రెండో ప్రపంచయుద్ధం నాటి అమెరికన్ బండి, ఎడమవైపు స్టీరింగ్. వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) టేపుతో కొలిస్తే 98 అంగుళాలు. ముందు బంపర్ వెనక వించి (రోప్ చుట్టి బరువులు లాగే యంత్రం) డ్రమ్ము ఉంది, రోప్ లేదు. ఇంజిన్ బ్లాకు మీద ఎడమపక్క ముందు భాగంలో, డైనమోకు పైన, టీ214 అని పంచ్ కొట్టి ఉంది.

ఇంజిన్ జామ్. హ్యాండిల్ వేస్తే అస్సలు తిరగదు. వెనక తొట్టి పక్కరేకులు కోసి కలప మోయడానికి బల్లలు బిగించారు. వైరింగ్ అంతా 12 వోల్టులకు మార్చి ఉంది. ఎడమవైపు చక్రాల నట్లు నాలుగడుగుల పైపు తగిలించినా కదలలేదు. డ్యాష్‌బోర్డు మీద ప్లేట్లున్నాయి గానీ రంగు పొరల కింద అక్షరాలు కనబడవు. రేడియేటర్ ఉంది. కార్బొరేటర్ ఉంది, లోపల ఎట్లుందో విప్పి చూడలేదు. పాత ఆర్.సి.లో పెట్రోల్, గూడ్స్ అని రాసి ఉంది, రెన్యువల్ లేదు.

వరంగల్ ఆటోనగర్‌లో అడిగితే రెండు సలహాలొచ్చాయి. ఒకటి, ఈ ఇంజిన్ పారేసి డీజిల్ ఇంజిన్ పెట్టుకోమని. రెండోది, ముందుగాల మొత్తం బండిని శాండ్ బ్లాస్టింగ్‌కు పంపి, మిలిటరీ ఆకుపచ్చ రంగు కొట్టి, ఆ తర్వాత మెకానికల్ పని చూసుకోమని. రెండూ మనసుకు ఒప్పడం లేదు. ఫ్యాక్టరీ నుంచి ఎట్లొచ్చిందో అట్లనే నిలబెట్టాలని ఉంది. వరుస చెప్పండి, ఏది ముట్టుకోవద్దో అది కూడా చెప్పండి.

బోరింగ్‌షాపు_హన్మకొండ:

98 అంగుళాల వీల్‌బేస్, ముందు వించి, టీ214 ఇంజిన్ అంటే అది వెపన్స్ క్యారియర్ (సైన్యంలో మనుషుల్నీ ఆయుధాల్నీ మోసే బండి) రకాల్లో డబ్ల్యూసీ-52. వించి లేనిది డబ్ల్యూసీ-51. వించి కోసం 52కు ఛాసిస్ ముందు కొమ్ములు పొడవుగా ఉంటాయి. మీ బండికి ఆ కొమ్ములు కోయకుండా, వెల్డింగ్ అతుకు లేకుండా ఉంటే చాలా విలువైన సంగతి, ముందు అది చూసుకోండి.

డీజిల్ ఇంజిన్ మాట మరిచిపోండి. ఇది 230 క్యూబిక్ అంగుళాల ఆరు సిలిండర్ల సైడ్ వాల్వు పెట్రోల్ ఇంజిన్, అంటే వాల్వులు హెడ్డులో కాకుండా బ్లాకులో సిలిండర్ల పక్కన ఉంటాయి. అసలు నంబరు బ్లాకు మీదే ఉంది. దాన్ని తీసేస్తే ‘అసలు రూపం’ అన్న మాటకు అర్థం ఉండదు.

జామ్ అయిన ఇంజిన్‌ను గేరులో వేసి ట్రాక్టరుతో లాగించొద్దు. పిస్టన్ రింగులు తుప్పుతో సిలిండర్ గోడకు అతుక్కుని ఉంటాయి. బలవంతంగా తిప్పితే రింగు విరిగి గోడను చీరేస్తుంది, లేదంటే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ప్లగ్గులు విప్పి, ఒక్కో సిలిండర్లో 50 నుంచి 60 మిల్లీలీటర్లు, ఆటోమేటిక్ గేర్ ఆయిలూ డీజిలూ సమపాళ్లలో కలిపి పోయండి. వారం, పది రోజులు నాననివ్వండి, ఇంకిపోతే మళ్లీ పోయండి. తర్వాత ఫ్లైవీల్ పళ్ల దగ్గర సన్న గడ్డపార ఆనించి అటూ ఇటూ వేలెడంత కదిలించి చూడండి. స్టార్టర్ జోలికి పోవద్దు.

కదలకపోతే హెడ్డు ఎత్తాలి. కదిలినా ఎత్తమనే చెబుతాను, ఎందుకంటే ఇలా నిలబడ్డ సైడ్ వాల్వు ఇంజిన్లో రెండు మూడు వాల్వులైనా తెరుచుకున్న చోటే పట్టేసి ఉంటాయి. అవి పిస్టన్‌కు తగలవు కాబట్టి నష్టం లేదు గానీ కంప్రెషన్ రాదు. వాల్వు కాడ మీద నూనె వదిలి, సుత్తి కర్రపిడితో పైనుంచి మెల్లగా తట్టండి. కిందికి దిగాక ట్యాపెట్ (వాల్వును కింది నుంచి పైకి నెట్టే భాగం) వైపు నుంచి పైకి లేపండి. ఇలా చాలాసార్లు చేస్తేనే స్వేచ్ఛగా ఆడుతుంది. స్క్రూడ్రైవర్ దూర్చి మీటితే సీటు చెడుతుంది.

హెడ్డు బోల్టుల దగ్గర తొందర పనికిరాదు. ఈ ఇంజిన్లో వాటి కొసలు నీళ్ల జాకెట్‌లోకి దిగుతాయి, అందుకే లోపలి కొసన తుప్పు పడుతుంది. ముందు కొద్దిగా బిగించి తర్వాత విప్పండి. రానిదాన్ని బ్లోలాంప్‌తో బోల్టు చుట్టూ వేడి చేసి, చల్లారాక మళ్లీ ప్రయత్నించండి. తిరిగి బిగించేటప్పుడు మరలకు సీలెంట్ రాయకపోతే నీళ్లు మర వెంట పైకి వస్తాయి. బిగింపు మధ్య నుంచి అంచులకు, 30, 50, చివరికి 65 నుంచి 70 ఫుట్-పౌండ్లు. ఒకసారి బాగా వేడెక్కించి చల్లారాక మళ్లీ అదే టార్క్ చూడాలి.

హెడ్ గ్యాస్కెట్ కొనేముందు హెడ్డు పొడవు కొలవండి. క్రైస్లర్ సైడ్ వాల్వు ఆరు సిలిండర్ల బ్లాకులు రెండు పొడవుల్లో ఉన్నాయి, ఒకటి సుమారు 23 అంగుళాలు, ఇంకొకటి 25. మీది 23 కావాలి. ‘డాడ్జ్ ఆరు సిలిండర్లది’ అని చెప్పి తెప్పిస్తే 25 వచ్చే ప్రమాదం ఉంది, ఆ గ్యాస్కెట్ దీనికి ఏ విధంగానూ కూర్చోదు.

సిలిండర్ స్టాండర్డ్ బోరు 3.25 అంగుళాలు, అంటే 82.55 మిల్లీమీటర్లు. డయల్ గేజ్‌తో పైనా కిందా కొలిచి, తేడా 0.008 అంగుళం దాటితే బోరింగ్ చేయించండి. దాటకపోతే హోనింగ్ (గోడను రాళ్లతో సన్నగా రుద్దడం), కొత్త రింగులు చాలు. బ్లాకులో ఉన్న లోహం మళ్లీ రాదు, ఎంత తక్కువ కోస్తే అంత మంచిది. పిస్టన్లు చేతికి వచ్చాకే, వాటిని కొలిచాకే బోరు చేయించాలి.

ఇప్పుడు అసలు సంగతి. ఈ ఇంజిన్‌ను చంపేది నీళ్ల గొట్టం. వాటర్ పంపు వెనక, బ్లాకు లోపల ఈ చివర నుంచి ఆ చివరి దాకా రేకు గొట్టం ఒకటి ఉంటుంది. రేడియేటర్ నుంచి వచ్చిన చల్లటి నీళ్లను ఎగ్జాస్ట్ వాల్వు సీట్ల దగ్గరకు పంచడం దాని పని. అది తుప్పు పట్టి చిల్లులు పడితే నీళ్లన్నీ ముందు సిలిండర్లకే పోతాయి, 5, 6 నంబర్లు కాలిపోతాయి. మీటరు మాత్రం మామూలు వేడే చూపిస్తుంది. మన దగ్గర మే నెల ఎండలో రేడియేటర్ మార్చి, ఫ్యాను మార్చి, థర్మోస్టాట్ పీకేసి, చివరికి ‘ఈ బండి ఇంతే’ అనుకునేది ఈ గొట్టం సంగతి తెలియకే. రేడియేటర్, పంపు తీసి కొక్కెంతో ముందుకు లాగాలి. పొడవుగా రావాలి కాబట్టి ముందు చోటు ఉండాలి. ముక్కలైతే ముక్కలుగానే తీయండి, ఒక్క పెచ్చు కూడా లోపల వదలొద్దు. కొత్తది ఇత్తడిదో స్టెయిన్‌లెస్‌దో వేసి, దాని రంధ్రాలు వాల్వుల వైపు తిరిగి ఉన్నాయో లేదో చూసుకోండి. అదే ఊపులో బ్లాకు పక్కనున్న కోర్ ప్లగ్గులన్నీ (నీళ్ల జాకెట్ రంధ్రాలకు వేసిన రేకు మూతలు) కొట్టేసి, వెనక సిలిండర్ల అడుగున గట్టిపడ్డ బురదను కమ్మీతో గీకి కడగండి.

ఎగ్జాస్ట్ సీట్లకు ఫ్యాక్టరీలోనే గట్టి లోహపు రింగులు వేశారు. కాబట్టి మన దేశంలో 2000 నుంచి సీసం లేని పెట్రోలే వస్తోందని భయపడి సీట్లు మార్చాల్సిన పనిలేదు. రింగు వదులైనా పగిలినా మార్చండి.

ఫైరింగ్ ఆర్డర్ 1-5-3-6-2-4. ప్లగ్గు గ్యాప్ 0.025, పాయింట్ల గ్యాప్ 0.020 అంగుళం. సంపు దించి గసి అంతా తీయకుండా కొత్త ఆయిల్ పోయొద్దు. పాత గసి కరిగి ఆయిల్ జల్లెడకు అడ్డం పడితే బేరింగులు పోతాయి.

గేర్‌నూనె:

అన్న, ఆ ఎడమ చక్రాల నట్లను ఇంక గట్టిగ తిప్పకుర్రి. ఈ డాడ్జ్‌కు ఎడమ దిక్కు చక్రాలకు ఉల్టా మర ఉంటది. మీరు విప్పుతున్నమని బిగిస్తున్నరు. స్టడ్డు కొసకు ఎల్ అక్షరం ఉందేమో రంగు గీకి చూడుర్రి. గడియారం ముల్లు తిరిగే దిక్కు తిప్పితే వస్తయి. టైర్ల షాపుల గాలి గన్ పెడితే స్టడ్లు విరుగుతయి, అందుకని వాళ్లకు ముందే చెప్పాలె. ఈ బండికి బోల్టులన్నీ అంగుళాల లెక్క. 13, 17 నంబర్ల మిల్లీమీటర్ పానాలు పెడితే మూలలు గుండ్రమైతయి. అంగుళాల పానాల సెట్టు ఒకటి కొనుక్కోర్రి.

దానికన్న ముఖ్యమైనది రిమ్ము. 9.00-16 టైరు కూసునే ఆ రిమ్ము రెండు ముక్కలు, చుట్టు నట్లతోని బిగించి ఉంటది. చక్రాన్ని హబ్బుకు పట్టుకునే నట్లు వేరు, రిమ్ము ముక్కలను కలిపే నట్లు వేరు. గాలి ఉండంగ రెండో రకం నట్లు విప్పితే రిమ్ము ఎగిరి మనిషి ప్రాణం తీస్తది. వాల్వు లోపలి పిన్ను పూర్తిగ తీసి, సన్న తీగ వాల్వుల దూర్చి అడ్డం లేదని చూసినంకనే విప్పాలె. గాలి కొట్టేటప్పుడు గూడ ఇనుప పంజరంలనో, లేకుంటె రిమ్ము చుట్టు గొలుసు కట్టో కొట్టాలె. తుప్పుతోని పలచబడ్డ రిమ్ము మళ్ల వాడొద్దు, వెల్డింగ్ అసలే వద్దు.

బ్రేకులు హైడ్రాలిక్, నాలుగు చక్రాలకు ఒకటే లైను. ఒక్క చోట కారితే మొత్తం బ్రేకు పోతది. కాబట్టి ఇండ్ల సగం పని కుదరదు. మాస్టర్ సిలిండర్, అన్ని వీల్ సిలిండర్లు విప్పుర్రి. లోపల గుంటలు పడ్డ సిలిండర్‌ను హోనింగ్ చేసి కొత్త రబ్బరు వేస్తే నెల రోజులకే మళ్ల కారుతది, ఎందుకంటె గుంట రబ్బరు అంచును కోస్తది. లేత్ మీద బోరు పెంచి ఇత్తడి స్లీవ్ కొట్టించి, మళ్ల అసలు సైజుకు తెప్పియ్యాలె. గట్ల చేస్తె బయటి పోత సామాను అసలుదే ఉంటది, బండి విలువ తగ్గది. పైపులు స్టీలువో, రాగి-నికెల్ మిశ్రమంవో వెయ్యాలె. ఉత్త రాగి పైపు అదురుకు చీలుతది. కొసలకు డబల్ ఫ్లేర్ (కొసను రెండు పొరలుగ మడిచి వెడల్పు చేసుడు) ఉండాలె. డ్రమ్ములల్ల దుమ్మును గాలితోని ఊదొద్దు, పాత లైనింగుల ఆస్బెస్టాస్ ఉంటది. నీళ్లతోని తడిపి గుడ్డతోని తుడవాలె.

ముందు యాక్సిల్ కొసలకుండే గుండ్రటి డొప్పల కాడ ఫెల్టు సీళ్లు ఎండిపోయి ఉంటయి. సీలు పోతే డిఫరెన్షియల్ నూనె బయటికి, వాన నీళ్లు లోపటికి. లోపల జాయింటు విప్పేటప్పుడు ఉక్కు గుండ్లు ఏ గాడిల ఏది ఉండెనో గుర్తు పెట్టి తియ్యుర్రి, కలగలిపి బిగిస్తే పట్టేస్తది. గేర్‌బాక్స్ నాలుగు గేర్లది, సింక్రో (గేరు సాఫీగ పడేటట్టు చేసే ఏర్పాటు) లేదు. ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక యాక్సిళ్లకు శక్తి పంచే పెట్టె) ఒకటే స్పీడు, లో రేంజ్ లేదు. అది పాడయిందని ఎవరన్న చెప్తే నమ్మొద్దు. నూనె 90 నంబరు, జీఎల్-4 వెయ్యుర్రి. నాలుగు టైర్లు ఒకటే సైజు, ఒకటే అరుగుదల ఉండాలె. ముందు యాక్సిల్ కలిపి తారు రోడ్డు మీద నడపొద్దు, మధ్యల డిఫరెన్షియల్ లేదు గనక పండ్లు విరుగుతయి.

వించి షాఫ్టుకు షియర్ పిన్ను చూడుర్రి. ఎక్కువ బరువు పడితె పిన్ను తెగాలె, అది దాని పని. చాన బండ్లల్ల పిన్ను తీసి గట్టి బోల్టు కొడుతరు. అప్పుడు పిన్నుకు బదులు గేర్ పెట్టె పగులుతది, లేకుంటె రోప్ తెగి మనిషికి తగులుతది.

ప్యాటన్‌రంగు:

పై ఇద్దరూ చెప్పింది పూర్తయ్యేదాకా రంగు డబ్బా మూత తీయొద్దు. బ్లాస్టింగ్ గురించి మాత్రం ఇప్పుడే చెప్పాలి: మొత్తం బండిని పంపొద్దు. ఛాసిస్, యాక్సిల్, రిమ్ములను పంపండి. బానెట్, మడ్‌గార్డులు, తలుపు దగ్గరి రేకులను ఇసుకతో కొడితే అలలు తేలతాయి, మళ్లీ ఏ డెంటర్ చేతిలోనూ సాపు కావు. రేకులకు పెయింట్ రిమూవర్, చేతి గీకుడు తప్ప దారి లేదు. ఇంకో నష్టం, బండి చరిత్ర అంతా ఆ పొరల్లోనే ఉంది. బ్లాస్టింగ్ గంటలో దాన్ని చెరిపేస్తుంది.

ముందు పొరలు చదవండి. బానెట్ లోపలి వైపు, సీటు కింద, డ్యాష్‌బోర్డు ప్లేట్ల వెనక, వించి బ్రాకెట్ చాటున, ఇలా ఎండ తగలని చోట్లు ఎంచుకోండి. రూపాయి బిళ్లంత మేర 400 నంబర్ కాగితంతో, తర్వాత 600, 1000తో నీళ్లు పోస్తూ రుద్దితే పొరలు వలయాలుగా బయటపడతాయి. అన్నిటికన్నా కింద ప్రైమర్, దాని మీద గోధుమ ఛాయ కలిసిన మెరుపులేని ఆలివ్ డ్రాబ్ అనే సైనిక ఆకుపచ్చ కనిపిస్తే అది ఫ్యాక్టరీ రంగు. ఇక్కడ తర్వాత వేసినవి ఇంకా పచ్చగా, కొంచెం మెరుపుతో ఉంటాయి. నీడ పట్టున, పగటి వెలుగులో తెల్ల కాగితం పక్కన పెట్టి ఫొటో తీయండి. బానెట్ పక్కల మీద ఇదే పని ఇంకా ఓపికగా చేస్తే పాత సైనిక రిజిస్ట్రేషన్ అంకెలు బయటపడొచ్చు. ముందు కాలంలో అవి నీలి ఛాయలో వేశారు, తర్వాత తెల్లగా వేశారు. ఆ అంకెలు దొరికితే ట్రేసింగ్ కాగితం మీద ఎత్తుకోండి, స్టెన్సిల్ దాన్నుంచే కోయించాలి. ఇంకో బండి ఫొటో చూసి అంకెలు వేస్తే అది అబద్ధమే అవుతుంది.

ప్లేట్లకు వైర్ బ్రష్ తగలనివ్వొద్దు. జెల్ రిమూవర్ దూదితో అద్ది, పుల్లతో అక్షరాల మధ్య తీయండి. బండి పేరు, సీరియల్ నంబరు, డెలివరీ తేదీ వాటి మీదే ఉంటాయి. ఒక ప్లేటు మీద ఏ గేరులో ఎంత వేగం దాటొద్దో కూడా ఉంటుంది, నడిపేటప్పుడు అది పనికొస్తుంది.

తొట్టి సంగతి. కోసేసిన పక్కరేకులు కొత్తగా చేయించక తప్పదు. మిగిలి ఉన్న మడతల లోతు, రివెట్ల దూరం కొలిచి అట్టముక్క మీద నమూనా గీసుకుని చేయించండి. బెంచీ పలకలకు మన టేకు సరిపోతుంది. టార్పాలిన్ కింది వంపు కర్రలకు మాత్రం టేకు దుంగను వంచబోతే చీలుతుంది. సన్నటి పట్టీలు కోసి, అచ్చు మీద పొరలుగా అతికించి, నీటికి ఆగే జిగురుతో చేయించుకోవాలి. తాడ్వాయి అడవి దాకా పోవక్కర్లేదు, ఊళ్లో సామిల్లు, మంచి వడ్రంగి చాలు.

ఇక రంగు, కాగితాలు. ఇక్కడ చాలామంది దెబ్బతింటారు. 1989 కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 121వది ఆలివ్ గ్రీన్ రంగును రక్షణ శాఖ వాహనాలకే పరిమితం చేసింది. అంటే ఫ్యాక్టరీ రంగుకు తెచ్చిన బండిని రోడ్డు మీదికి తెస్తే ఆపే హక్కు అధికారికి ఉంది. ఆలివ్ డ్రాబ్ వేరు, ఆలివ్ గ్రీన్ వేరు అని చెక్‌పోస్టులో వాదించి లాభం లేదు. కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది, ఇది రోడ్డు మీద తిరిగే బండా, ప్రదర్శన బండా అన్నది. ప్రదర్శనకైతే అసలు రంగు వేసి లారీ మీద తీసుకెళ్లండి. తిరగాలంటే వేరే రంగు తప్పదు, అప్పుడు బానెట్ లోపల, సీట్ల కింద ఫ్యాక్టరీ పొరను ముట్టుకోకుండా వదలండి.

వింటేజ్ రిజిస్ట్రేషన్ అని ఎవరైనా అంటారు. 2021లో వచ్చిన ఆ నిబంధన 50 ఏళ్లు దాటిన ద్విచక్ర వాహనాలకు, మనుషుల్ని మోసే ఎం1 తరగతి నాలుగు చక్రాల వాటికి. మీ ఆర్.సి.లో గూడ్స్ అని ఉంది కాబట్టి నేరుగా అందులోకి రాదు. ఆర్.టి.ఏ. ఆఫీసులో లిఖితపూర్వకంగా అడిగి, జవాబు కూడా లిఖితంగా తీసుకోండి. ఎడమ స్టీరింగ్ బండికి 1988 చట్టం 120వ సెక్షన్ ప్రకారం పనిచేసే సిగ్నల్ పరికరం ఉండాలి, లేకుండా నడపకూడదు. డీజిల్ ఇంజిన్ పెట్టమన్నవారికి 52వ సెక్షన్ చూపించండి, ఆర్.సి.లో ఉన్న వివరాలకు భిన్నంగా బండిని మార్చడానికి అనుమతి కావాలి.

పాతమిల్లు_హుజూరాబాద్:

ఎడమ నట్లు అన్నీ వచ్చినయి. ఎల్ అక్షరం ఉంది. గేర్‌నూనె అన్నకు దండం. ఛాసిస్ ముందు కొమ్ములు అతుకు లేకుండా ఉన్నాయి, హెడ్డు పొడవు 23 అంగుళాల పైన కొంచెం. ఇంజిన్‌లో నూనె పోసి నానబెట్టినం. ఇంకో రెండు అడగాలి. కరెంటు 12 వోల్టులలోనే ఉంచాలా, 6కు తేవాలా? పెట్రోల్ ట్యాంకు లోపల ఎర్రమట్టిలాంటి తుప్పు, ఘాటు వాసన. ట్యాంకు అడుగున చిన్న చిల్లు, వెల్డింగ్ చేయించొచ్చా?

బోరింగ్‌షాపు_హన్మకొండ:

ట్యాంకుకు వెల్డింగ్ వద్దు. ఖాళీగా కనిపించినా, ఏళ్లు గడిచినా లోపల ఆవిరి ఉంటుంది, మంట తగిలితే పేలుతుంది. అది 30 అమెరికన్ గ్యాలన్ల ట్యాంకు, సుమారు 113 లీటర్లు. దించి, లోపల రెండు మూడు కిలోల నట్లు, గొలుసు ముక్క, కాస్త కాస్టిక్ సోడా నీళ్లు పోసి అన్ని వైపులా దొర్లించండి, చేతులకు తొడుగులు వేసుకోండి. బాగా కడిగి ఆరబెట్టి, చిల్లును టంకంతో మూయించండి. అదీ రేడియేటర్ పనివాడితో, చిల్లు పైకి వచ్చేలా ట్యాంకును తిరగేసి, నిండా నీళ్లు నింపి, ఆ చిల్లు దగ్గర మాత్రమే. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. పాత ఫ్యూయల్ పంపు డయాఫ్రం, పాత రబ్బరు పైపులు దానికి మెత్తబడి ఉబ్బుతాయి. ఇథనాల్‌కు ఆగే డయాఫ్రం, పైపు వేయండి. బండిని నెలల తరబడి నిలపబోతే ట్యాంకు, కార్బొరేటర్ ఖాళీ చేసి పెట్టండి, ఇథనాల్ తేమను లాగుతుంది.

కరెంటు 6 వోల్టులకు తెండి, మీకు కావలసింది అసలు రూపమే కదా. 6 వోల్టులు బలహీనమని అనేది సన్న కేబుళ్ల వల్ల. అదే పనికి 12తో పోలిస్తే రెండింతలు ఆంపియర్లు పారాలి కాబట్టి స్టార్టర్ కేబుల్ 50 చదరపు మిల్లీమీటర్లకు తగ్గకూడదు. ఇంజిన్‌కూ ఛాసిస్‌కూ మధ్య ఎర్తు పట్టీ రెండు చివరలా రంగు గీకి, లోహం మెరిసేదాకా శుభ్రం చేసి బిగించండి. బ్యాటరీ విప్పేముందు ఏ టెర్మినల్ బాడీకి కలిసి ఉందో రాసుకోండి, దాంతోపాటు డైనమో మీద, మీటరు మీద ఉన్న గుర్తులు కూడా చూడండి. 12కు మార్చినవాళ్లు దాన్ని తిప్పేసి ఉండవచ్చు. కొత్తగా కలిపాక డైనమోను పోలరైజ్ చేయకుండా (దాని ధ్రువాలను బ్యాటరీకి సరిపోయేలా సెట్ చేయకుండా) ఇంజిన్ స్టార్ట్ చేస్తే కటౌట్ (డైనమోను బ్యాటరీకి కలిపి విడదీసే స్విచ్చి) పాయింట్లు కాలతాయి. బల్బులు, కాయిల్, హారన్, పెట్రోల్ మీటరు, ఇవన్నీ 6 వోల్టులవే కావాలి, 12వి మిగిలి ఉంటే మసకగా వెలుగుతాయి లేదా పనిచేయవు.

గేర్‌నూనె:

ఒక్కటి మరిచిన. వెనక యాక్సిల్ షాఫ్టులు విప్పినప్పుడు హబ్బు బేరింగులు గూడ తీసి కిరోసిన్‌ల కడిగి చూడుర్రి. ఏండ్ల పాటు ఒకటే జాగల నిలబడ్డ బండికి బేరింగు అడుగు భాగంల రోలర్ల వెడల్పున గీతలు పడుతయి. చేత్తో తిప్పితే తెలవది, 40 వేగం దాటినంక గుయ్యిమంటది. గీత గోరుకు తగిలితే మార్చాలె. పాత బేరింగు నంబరు రాసుకొని సికింద్రాబాద్ రాణిగంజ్‌ల అడుగుర్రి, అంగుళాల టేపర్ రోలర్ బేరింగులు నంబరు చెప్తే దొరుకుతయి, బండి పేరు చెప్తే దొరకవు.

ప్యాటన్‌రంగు:

ఎర్తు పట్టీ కోసం రంగు గీకేటప్పుడు కూడా ముందు ఆ చోట పొరల ఫొటో తీసుకోండి. ప్లేట్ల మీది డెలివరీ తేదీ చదవగలిగాక ఇక్కడ పెట్టండి. అంకెలు నీలి ఛాయవా తెల్లవా అన్నది దాన్ని బట్టి చాలావరకు తేలుతుంది, బానెట్ పక్కలు రుద్దడం అప్పుడు మొదలుపెట్టవచ్చు.